చందమామకు పైపు ముక్క

ప్రియమైన బుజ్జికి,

వదిన ఆశీస్సులు. దేవుడి దయవల్ల ఇద్దరం క్షేమం. మీ అన్నయ్యకు జబ్బు నయమైంది గాని, చేతుల వణుకు మాత్రం ఉండిపోయింది. ఊళ్లో సగం మందికి పెళ్లి ఫొటోలు తీసిన మనిషి! ఇప్పుడు సాయంత్రాలు డాబా మీద టెలిస్కోప్ పెట్టుకుని చందమామను చూస్తున్నారు. మొన్న కెమెరాను దానికి కన్ను ఆనించి చూసే కంటి గొట్టానికి ఆనించి ఫొటో తీయబోతే చందమామ సాగదీసిన పిండిలా వచ్చింది. మర్నాడు పొద్దున "కెమెరాలన్నీ పక్కవీధి స్టూడియో ఆయనకు ఇచ్చేస్తున్నాను. నెలాఖరుకు వచ్చి పట్టుకెళ్తాడు" అన్నారు. మామూలుగానే అన్నారు. నాకే మనసొప్పలేదు.

చేత్తో పట్టుకునే పని లేకుండా కెమెరాను ఆ గొట్టానికి బిగించే ముక్క ఒకటి ఉంటుందట. అడాప్టర్ అంటారట. పైపు ముక్కతో ఇంట్లోనే చేసుకునేవాళ్లున్నారట. నీది పైపుల కొట్టే కదా! కొలతలు తీయడం నాకు రాదు. నా గాజుల్లో ఒకటి కెమెరా మూతి చుట్టూ చక్కగా పట్టింది. మాత్రల డబ్బా మూత కంటి గొట్టానికి సరిపోయింది. రెండూ పంపుతున్నాను. ఒక చివర గాజంత, రెండో చివర మూతంత ఉండే పైపు చూడు. ఆయనకు మాత్రం చెప్పకు. ఇదీ కుదరకపోతే ఆయనకు మరో బాధ ఎందుకు?

నీ వదిన


ప్రియమైన వదినకు,

నమస్కారాలు. పార్సిల్ విప్పగానే గాజు కనిపించింది. "ఇన్నాళ్లకు వదినకు ఆడపడుచు మీద ప్రేమ పుట్టింది" అనుకుని తొడిగేసుకున్నాను. ఉత్తరం చదివాక తీద్దామంటే సబ్బు రాస్తే గాని రాలేదు. మా ఆయన పడీపడీ నవ్వారు.

పైపు పంపుతున్నాను. లోపల మెరవకుండా నల్లరంగు వేయించాను. అన్నయ్య మొండితనం నాకు తెలుసు. ఒకసారి ఇచ్చేశాడంటే మళ్లీ కెమెరా ముట్టడు. తొందరగా చూడు.

నీ బుజ్జి


ప్రియమైన బుజ్జీ,

పైపు అందింది. గాజుకు లోపలి కొలత తీయాలి గాని బయటి కొలత తీస్తారటే తల్లీ? చెయ్యి పట్టేది లోపలే కదా! కెమెరా అందులో గంటలా ఊగింది. పాత దుప్పటి అంచు చింపి చుడితే బిగిసింది. ఆయన నడకకు వెళ్లినప్పుడు నేనే డాబా ఎక్కి చూశాను. చందమామ కదల్లేదు గాని, తాళం కన్నంలోంచి చూసినట్టు చుట్టూ నలుపు, మధ్యలో చిన్న బిళ్ల. పైపు పొడుగెక్కువై కెమెరా దూరంగా ఉండిపోతోందని నా ఊహ. ఎక్కడ కోయాలో నాకు తెలియదు. పైపు తిరిగి పంపుతున్నాను, నువ్వే చూసి కోయించు. మరీ ఎక్కువ కోస్తే కెమెరా వెళ్లి గొట్టం అద్దానికి తగులుతుంది.

డాబా ఎక్కి దిగేసరికి మోకాళ్లు పట్టేశాయి. అందుకని ఈ పొట్లం పోస్టు చేయమని మీ అన్నయ్య చేతికే ఇస్తున్నాను. లోపల నీకు రవిక గుడ్డ ఉందని చెప్పాను. అబద్ధమాడినందుకు దేవుడికి రెండు దండాలు ఎక్కువ పెట్టుకుంటాను. నెలాఖరు దగ్గరపడింది, మరిచిపోకు.

నీ వదిన


ప్రియమైన వదినా,

నువ్వు చెప్పినట్టే కోయించాను. ఎక్కడ కోయాలో తెలియదంటూనే పైపు చుట్టూ పెన్సిల్‌తో గీత గీశావు, పక్కన బాణం గుర్తు కూడానూ! కోసే అతను "గీసినావిడ కళ్లజోడు మరిచిపోయారా? గీత పాములా మెలికలు తిరిగింది" అన్నాడు. గీతకు కాస్త అవతలగా కోశాడు కాబట్టి అది నీ ముక్క మీదే ఉండిపోయింది. చెరిపేసుకో.

నీ బుజ్జి


ప్రియమైన బుజ్జికి,

నేను ఏ గీతా గీయలేదు.

పైపు చేతిలో పెట్టుకుని ఆ వంకర గీతను వేలితో తడుముతూ కూర్చుండిపోయాను. ఈమధ్య ఆయన సంతకం కూడా అలాగే ఉంటోంది. ఏమీ ఎరగనట్టే తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయనా ఏమీ ఎరగనట్టే "ఏమిటిది?" అన్నారు.

"బుజ్జి పంపింది."

బిగించడానికి చాలాసేపు పట్టింది. సాయం చేయబోతే కళ్లతోనే వద్దన్నారు. బిగించాక టైమర్ నొక్కి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డారు. కెమెరా టిక్కుమంది. చందమామ నిండుగా వచ్చింది తల్లీ, గుంటలతో సహా, ఎక్కడా చెదరకుండా. నేను కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను.

స్టూడియో ఆయన అన్నమాట ప్రకారం వచ్చాడు. డాబా మీద చందమామను చూసి, కాఫీ తాగి, ఖాళీ చేతులతో వెళ్లాడు. ఇప్పుడు మీ అన్నయ్య పెద్ద కెమెరాకు కూడా ఒక ముక్క కావాలంటున్నారు. దానికి సరిపోయే గాజు వెతుకుతున్నాను. ఆ పాత గాజు నువ్వే ఉంచుకో, ప్రేమతోనే ఇస్తున్నాను.

ఫొటో ఇందులో పెట్టాను. కవరు మీద చిరునామా ఆయనే రాస్తానన్నారు. పోస్టువాళ్లు చదువుకోగలిగితే నీకు చేరుతుంది.

ఫొటో తీసిన సాయంత్రం ఆయన దాన్ని చాలాసేపు చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరక్కుండానే అన్నారు:

"బుజ్జికి పంపిన రవిక గుడ్డ భలే కుదిరింది."

మా ఇద్దరి ఆశీస్సులతో,
నీ వదిన