కారుకు పెట్టిన పాస్‌వర్డ్

శనివారం రాత్రి

కారుకు కొత్తగా పెట్టించిన ప్రోగ్రామబుల్ ఇంజిన్ కంప్యూటర్‌ను ఈరోజు నా భార్య సునీతకు గర్వంగా చూపించాను. ల్యాప్‌టాప్ తగిలించి పెట్రోలు ఎంత పడాలో, ఇంజిన్ ఎంత వేగంగా తిరగాలో మనమే నిర్ణయించవచ్చన్నాను.

"స్పీడు గూడ ఆపొచ్చా?" అని అడిగింది.

"ఆపొచ్చు. పాస్‌వర్డ్ కూడా పెట్టొచ్చు," అన్నాను.

నేను టీ పెట్టుకొని వచ్చేలోపు ఆ రెండు పనులూ చేసేసింది. సాయంత్రం ఖాజాగూడ దాటాక ఎంత తొక్కినా కారు నలభై దాటలేదు. నీళ్ల ట్యాంకరు మమ్మల్ని దాటిపోయింది.

"గిట్ల పోతే పానం నిమ్మళంగుంది. పాస్‌వర్డ్ జర ఆలోచించి చెప్త," అంది.

రేపు ట్రాక్ మీద ఆఫీసువాళ్లతో కార్ల పందెం ఉంది. ఆమె నిద్రపోయాక మా పెళ్లిరోజు తేదీ కొట్టి చూశాను. తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ అది కాదో, ఆ తేదీయే నాకు సరిగ్గా గుర్తు లేదో. అది మాత్రం ఆమెను అడగలేను...