గేటుకు అటూ ఇటూ

బుధవారం, రాత్రి

ఇంటివాళ్లు ముందుగా ఎవరి ఫోటో ఇస్తే వాళ్లకే పిల్లల్ని అప్పగించాలని ఈ నెల నుంచి మా బడిలో పద్ధతి పెట్టాను. ఈ సాయంత్రం రెండో తరగతి అక్షర వాళ్ల నాన్న వచ్చాడు. భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. తల్లి ఆయన ఫోటో ఇవ్వలేదు. వాచ్‌మన్ ఆయన్ని ఆపి నన్ను పిలిచాడు.

"నా బిడ్డను తీస్కపోనీకి నా ఫోటో గావాల్నా మేడం?" అన్నాడు. గొంతు పెంచలేదు.

అక్షర అప్పటికే "డాడీ" అంటూ పరుగెత్తుకొచ్చింది. నేను గేటు తీయనివ్వలేదు. తల్లికి ఫోన్ చేశాను.

"పంపకండి మేడమ్. మాట్లాడుకోనివ్వండి. నేను బయల్దేరుతున్నాను" అంది.

ఆయన బయట గొంతుక్కూర్చున్నాడు. పాప కమ్మీలకు మొహం ఆనించి ఊడిన పన్ను చూపించింది.

"ఎప్పుడూడింది బిడ్డా?" అని అడిగాడు.

తల్లి మెట్రో దిగి వచ్చేదాకా అలాగే కబుర్లు చెప్పుకున్నారు. ఆమెను చూడగానే ఆయన లేచి, బండి తీసుకుని మన్సూరాబాద్ వైపు వెళ్లిపోయాడు.

గేటు తీయకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ ఆయన మళ్లీ వస్తాడు. అప్పుడూ కమ్మీల మధ్య నుంచేనా? రేపు తల్లితో మాట్లాడాలి. ఆమె సరేనంటే గేటు లోపల, వాచ్‌మన్ కుర్చీ పక్కనే, ఓ బెంచీ వేయిస్తాను.