ప్రార్థన మిద్దెపై చౌడు పోయనిమ్మని మనవి

బెళుగుప్ప, మే 1961

తహశీల్దారుగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చర్చి చరిత్ర రాయడం ముగిసేవరకు చర్చి మిద్దెను ముట్టరాదన్న తమ ఉత్తరువు గురించి.

1. మా ప్రార్థన మందిరము మట్టిమిద్దె. ఏటా వానలకు ముందు ఊరి ఆడవాళ్లమంతా చౌడుమట్టి మోసి పైన పరుస్తాము. లేకుంటే కారుతుంది. ఈ ఏడు పరిశోధకులు శేషయ్యగారు వచ్చి, పాత కట్టడం చెదరరాదని తమకు విన్నవించినారు. తాము మట్టి పోయరాదని ఉత్తరువు దయచేసినారు. ధన్యులము.

2. పూర్వం చర్చి చరిత్ర అంటే దొరల చరిత్ర. ఏ దొర ఏ గుర్రమెక్కి వచ్చినాడు, ఎందరికి బాప్తిస్మమిచ్చినాడు, అంతే. ఆ పద్ధతి ఇప్పుడు పాతబడినదట. మామూలు జనం ఏం చేసినారో రాయడమే కొత్త పద్ధతియని శేషయ్యగారే సెలవిచ్చినారు. సంతోషము. జనం చేసినది మట్టి మోయడం. వారు ఆపించినది దానినే.

3. మా అవ్వ కరువులో గంజి కోసం మతంలో కలిసిందా, కులబాధ తాళలేక కలిసిందా అని వారు అడిగినారు. మా చెల్లెలు కదిరమ్మకు నోరు ఆగదు.

"ఏమప్పా, గంజికోసమే అయితే గంజితొట్టి ఎత్తేసినాక గూడా మా అవ్వ చర్చికి ఎందుకు పోతాండె? దేవునిమింద నమ్మకం కుదిరిందేమో, అది రాసుకో."

"నమ్మకానికి ఆధారం చూపాలమ్మా."

"గంజికి చూపినావా?"

నేను కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకొన్నాను. ఇద్దరిలో ఎవరి కోసమన్నది ఇక్కడ అనవసరము.

4. తాము కాపాడుచున్న పురాతన పైకప్పు పోయినేడు గురప్ప భార్య మోసిన మట్టి. దొరలనాటిది ఎప్పుడో వానలకు కరిగి వంకలో కలిసినది.

5. ఆ మిద్దె కిందనే మా తమ్ముడు యేసన్న పిల్లలకు చదువు చెప్పుచున్నాడు. మొన్న నాలుగు చినుకులకే పెళ్ల ఊడి సుంకమ్మ మనవరాలి నుదురు పగిలింది. బాగా తడిస్తే దూలము నిలవదు. కింద పిల్లలుంటారు.

కావున మట్టి పోయుటకు సెలవు దయచేయవలెను. లేనియెడల, తడిసినా పడరాదని ఆ దూలానికి ఒక ఉత్తరువు ఇప్పించవలెను. మేము లోబడినట్లే అదీ లోబడునేమో.

చిత్తగించవలెను. వానకంటే ముందుగా చిత్తగించిన మరీ మేలు.

తమ విధేయురాలు,
రూతమ్మ (ఊరికి పెద్దక్క)

తా.క.: కాగితం మడిచేలోపు పడమట మబ్బు లేచింది. యేసన్న పిల్లలను బయటికి పంపినాడు. కదిరమ్మ నిచ్చెన ఎక్కింది, నేనూ పోతున్నాను. మమ్ములను పట్టుకొనుటకు జవానును పంపితే అందరమూ మిద్దెమీదనే దొరుకుతాము. వచ్చేటప్పుడు ఒక గంప తెచ్చుకోమనండి.