ఏడో నంబరు ప్లేటు

గువ్వకు,

అక్క దీవెనలు. అమ్మ, మీ బావ, నేను ముగ్గురం కులాసా. నువ్వూ మరిదీ కూడా అలాగే ఉండాలని పొద్దున ప్రార్థనలో అడిగాను. ఇప్పుడు కాగితం మీద అడుగుతున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అమ్మ నాచేత చదివించుకుంది. కంటి ఆపరేషన్ అయ్యాక తనకే అక్షరాలు బాగా కనిపిస్తున్నాయి. అయినా "దాని ఉత్తరం నీ గొంతులో వింటేనే బాగుంటుందే" అంటుంది. నమ్మకు. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మరిచిపోయినప్పుడల్లా నా గొంతు బాగుంటుంది. మరిదిని నడుంనొప్పికి మెత్తటి పరుపు మానేసి చూడమంది. నాకూ అదే మంచిదనిపిస్తోంది.

మీ బావ మాత్రం ఒక్క విషయమే పట్టుకున్నారు. "పుట్టగొడుగుల పెట్టెలు ప్యాక్ చేసే హాల్లోంచి తీసుకెళ్ళి ఏకంగా విత్తనం తయారుచేసే కల్చర్ గది అప్పజెప్తామన్నారా! మా మరదలంటే ఏమనుకున్నావ్!" అని రోజంతా ఒకటే మాట. నేనేదో కాదన్నట్టు నావైపే చూస్తూ అన్నారు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. ఎందుకో ఈ ఉత్తరంలోనే తెలుస్తుంది.

నువ్వు అడిగినవన్నీ చెప్తాను. చివరి ప్రశ్నకు జవాబు చివర్లోనే.

స్పిరిట్ దీపం ఏ పక్కన పెట్టాలని అడిగావు. కుడి పక్కన, జానెడు దూరంలో. బ్లేడు పట్టుకున్న చెయ్యి దీపానికీ ప్లేటుకూ మధ్యే తిరగాలి, ప్లేటు మీదుగా అటూ ఇటూ పోకూడదు. మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపి, తలుపు మూసి, పావుగంట ఊరికే కూర్చో. మనం నడిచినప్పుడు లేచిన దుమ్మంతా దిగాలి. నాకు ఆ పావుగంట ప్రార్థనకు సరిపోతుంది. నువ్వు పాటలు తలుచుకుంటావేమో, నీ ఇష్టం. ఏదైనా మనసులోనే.

చేతులకూ బల్లకూ స్పిరిట్ రాశాక పూర్తిగా ఆరనివ్వు. తడి చేత్తో దీపం జోలికి పోవద్దు. మీ బావ కనుబొమలు గుర్తున్నాయి కదా. మళ్ళీ రావడానికి రెండు నెలలు పట్టింది. ఎడమది ఇప్పటికీ కాస్త పలచనే.

బ్లేడు ఎర్రబడేదాకా కాల్చు. కాల్చీ కాల్చగానే కల్చర్‌కు తాకించకు, అది మాడిపోతుంది. కొత్త ప్లేటులో పేరుకున్న అగర్ జెల్లీ అంచుకు ఒకసారి ఆనించు. చుయ్ మని చప్పుడు చేసి ఊరుకుంటుంది. అప్పుడు కల్చర్ పెరిగిన తల్లి ప్లేటులో కొయ్యి. నడిమి భాగం వద్దు, అది ముదురు. అంచున దూదిలా పాకే లేత దారం ఉన్నచోట, చిటికెన వేలి గోరులో సగమంత ముక్క చాలు. మూత తీసి పక్కన పెట్టకు. బ్లేడు దూరేంత సందు మాత్రం ఎత్తు, పని అయ్యేదాకా అది ప్లేటుకు గొడుగులా ఉండాలి. మూశాక అంచు చుట్టూ సాగే టేపు. తేదీ, నంబరు అడుగున రాయి. మూతలు ఒకదానివి ఒకదానికి మారిపోతాయి, అడుగులు మారవు. రాశాక బోర్లించి పెట్టు, మూతకు పట్టిన చెమ్మ కల్చర్ మీద కారకుండా.

ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు. బోర్లించి పెట్టాలని నాకు చెప్పింది నువ్వే. అయినా కొత్తగా నేర్చుకునేదానిలా ఒక్కొక్కటీ అడిగావు. మొదటిసారి నాలో నేను చదువుకున్నప్పుడు ఇదేమిటి అనుకున్నాను. రెండోసారి అమ్మ కోసం పైకి చదువుతుంటే, నీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

"నా చేతి సంగతి నీకు తెలుసు కదా అక్కా. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. నావల్ల కాదని చెప్పేయనా?"

అమ్మ వెంటనే అంది. "అదేంటే, దాని చేతికేమైంది?"

నేను ఉత్తరం మడిచేశాను.

గువ్వా, నీ చేతికి ఏమీ కాలేదు. అప్పుడూ కాలేదు. వివరంగా రాస్తాను. నాకు అలవాటు లేని పని, ఓపిక పట్టు.

నువ్వు మా దగ్గర ఏడాదికి పైగా పనిచేశావు. అగర్ కాచావు, ప్లేట్లు పోశావు. బ్లేడు నీ చేతికిచ్చింది మాత్రం ఆఖరి రెండు నెలల్లోనే, నా మణికట్టు వాచిపోయి పిడి పట్టుకోలేనప్పుడు. మన ముత్యపుచిప్ప పుట్టగొడుగు రకానికి అప్పటికి తల్లి ప్లేట్లు మూడే మిగిలాయి. ఒక్కో దాన్నుంచి పన్నెండు ప్లేట్ల చొప్పున చేశావు. మొదటి పన్నెండూ చుక్కలు లేచి పోయాయి. రెండో పన్నెండూ పోయాయి. మూడోసారి, ఆఖరి తల్లి ప్లేటుతో నువ్వు కూర్చున్నప్పుడు నీ నుదుటి మీద చెమట నాకు గుర్తుంది. ఐదో రోజు తీసి చూస్తే మళ్ళీ అవే చుక్కలు.

అప్పుడు నేను అమ్మ ముందు, మీ బావ ముందు అన్నాను, "కొందరి చేతిలో పని నిలవదు" అని.

నేను తక్కువ మాట్లాడతానని అందరూ మెచ్చుకుంటారు. ఆ తక్కువలో ఇదొకటి. నువ్వు గ్లవ్స్ తీసి, రెండూ ఒకదానిలో ఒకటి మడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. నెల తిరక్కుండా మరిదికి అక్కడ పని దొరికిందని మీరిద్దరూ ఊరు మారారు. పని దొరకడం ఒక్కటే కారణం కాదని నాకు తెలుసు.

నువ్వు వెళ్ళిన నాలుగు నెలలకు అమ్మకు ఆ పెద్ద జ్వరం వచ్చింది. నా మణికట్టు అప్పటికి బాగుపడింది. ఆ రోజు ప్లేట్లు చెయ్యక తప్పలేదు, కూర్చున్నాను. మామూలుగా నేను మనసులోనే ప్రార్థిస్తాను. ఆ రోజు మనసులో సరిపోలేదు. ప్లేటు తెరిచి ఉండగానే పైకి ప్రార్థించాను. మాస్కు గడ్డం కిందకి లాగేసి మరీ. ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని దేవుడితో మాట్లాడటం నాకు మర్యాద అనిపించదు. నీకు తెలుసుగా.

నీకు తెలుసు. నా పక్కనే కూర్చున్నదానివి.

ఐదో రోజు ఆ ప్లేట్లు చూశాను. పచ్చ బూజు కాదు, నల్ల బూజు కాదు. మీగడ రంగులో, తడిగా మెరిసే చిన్న చిన్న చుక్కలు, విసనకర్ర ఆకారంలో, నా మొహం వైపు ఉన్న అంచు నుంచి లోపలికి. అచ్చం నీ ప్లేట్లలో వచ్చినవే. దుమ్ము పడితే, చెయ్యి తగిలితే బూజు ఎక్కడపడితే అక్కడ లేస్తుంది. ఇవి ఊపిరి వెంట తుంపరలు పడ్డ చుక్కలు.

నీకు బ్లేడు ఇచ్చిన ఆ మూడు సార్లూ నేనేం చేశానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నీ కుడి భుజం పక్కన కుర్చీ వేసుకున్నాను. నువ్వు మూత ఎత్తిన ప్రతిసారీ మాస్కు దించి, ప్లేటు మీదికి వంగి, "దీని చెయ్యి తడబడనివ్వకు తండ్రీ" అని పెదవులు కదుపుతూ అడిగాను. నా చేతుల మీద నాకు నమ్మకం ఉంది కాబట్టి నా ప్లేట్ల మీద అంతకుముందెన్నడూ అలా అడగలేదు. నీ చేతుల మీద లేదు. అందుకే అడిగాను. అడిగినందుకే పోయాయి.

నమ్మబుద్ధి కాలేదు. కల్చర్ పెట్టని మూడు అగర్ ప్లేట్లు తీసుకున్నాను. ఒకటి నోరు మూసుకుని, మనసులోనే ప్రార్థిస్తూ తెరిచాను. ఒకటి మాస్కుతో ప్రార్థిస్తూ తెరిచాను. ఒకటి మాస్కు దించి. మూడింటికీ ఒకే ప్రార్థన, ఒకే సమయం. దేవుణ్ణి పరీక్షించకూడదని తెలుసు. నేను పరీక్షించింది నన్ను. ఐదు రోజులకు మూడోదానిలోనే చుక్కలు లేచాయి.

ఇంకొకటి ఉంది. అసలు చెప్పవలసింది ఇదే.

ఆ ఆఖరి పన్నెండులో అన్నీ పోలేదు. నువ్వు వెళ్ళిపోయాక అన్నీ పారేయబోతూ ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూశాను. పదకొండింటిలో చుక్కలు. ఏడో నంబరులో ఒక్కటీ లేదు. తెల్లగా, నున్నగా, అంచులకల్లా పాకి ఉంది. ఏదో అదృష్టం అనుకుని దాచాను. పరీక్ష అయ్యాక గానీ నాకు ఆ రోజు సంగతి తట్టలేదు. నువ్వు ఆరోది మూశాక బయట సిలిండర్ అతను బెల్లు కొట్టాడు, గుర్తుందా? నేను లేచి వెళ్ళాను. వాషరు సరిగా లేదని అతనితో వాదించి వచ్చేసరికి నువ్వు ఏడో ప్లేటుకు టేపు చుడుతున్నావు.

"ఇంతసేపట్లో ఒక్కటేనా?" అన్నాను.

"నువ్వు తలుపు తీసి వెళ్ళావు కదక్కా, దుమ్ము దిగనివ్వాలిగా" అన్నావు.

అంత నెమ్మదిగా, అంత పద్ధతిగా చేశావు. నేను పక్కన లేకుండా నువ్వు చేసిన ప్లేటు అది ఒక్కటే. పోనిది కూడా అది ఒక్కటే.

గువ్వా, ఈ రెండేళ్ళూ మా గదుల్లో వేలాడిన ప్రతి పుట్టగొడుగుల సంచీ ఆ ఏడో ప్లేటు సంతానం. దాన్నుంచి పన్నెండు, వాటి నుంచి విత్తనపు గింజల సీసాలు, వాటి నుంచి సంచులు. రకం పోకుండా నిలబెట్టానని అందరూ నా చెయ్యి మంచిదంటారు. నేను తల ఊపుతాను. "కొత్త కల్చర్ తెప్పించావా అక్కా" అని నువ్వు మొదటి ఉత్తరంలో అడిగావు. "సర్దుకుంది" అని ఒక్క మాట రాశాను. అబద్ధం కాదు. అబద్ధం కంటే ఎక్కువ.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. పరీక్ష అయిన రోజే రాయబోయాను. "అమ్మకు జ్వరం తగ్గింది" అని రాసి, అక్కడే సంతకం పెట్టేశాను. ఇంటికి పెద్దదాన్ని. చిన్నప్పటి నుంచి నీ తప్పులు దిద్దడమే తప్ప, నా తప్పు నీ ముందు పెట్టడం నాకు చేతకాలేదు. తర్వాతి ఉత్తరంలో రాద్దామనుకున్నాను. అది వచ్చేసరికి ఇంకో నెల ఆలస్యం కూడా చెప్పుకోవలసి వచ్చింది. నేనన్న ఆ మాట ఊసు నువ్వు ఎన్నడూ ఎత్తలేదు కాబట్టి మరిచిపోయావని సర్దిచెప్పుకున్నాను. రోజూ ప్రార్థనలో మాత్రం చెప్తూనే ఉన్నాను. చెప్పవలసింది అక్కడ కాదని తెలిసి కూడా. నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం చదివాక తెలిసింది, నేనన్న మాట నీ చేతిలో రెండేళ్ళుగా అలాగే ఉందని.

ఆ మాట అమ్మ ముందు, మీ బావ ముందు అన్నాను. కాబట్టి ఈ మధ్యాహ్నం భోజనం దగ్గర వాళ్ళిద్దరి ముందే వెనక్కి తీసుకున్నాను. ఇక్కడ రాసిందంతా చెప్పాను. నేను అంతసేపు మాట్లాడటం చూసి మీ బావ తినడం ఆపేశారు.

"అంటే, ముప్ఫై అయిదు ప్లేట్లు నీ ప్రార్థనతో పోయాయా?" అన్నారు.

"ప్రార్థనతో కాదు, నోటితో."

"పాచినోటితోనా?"

"పళ్ళు తోముకునే కూర్చున్నానండీ!"

ఆయన నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు ఎత్తారు. నవ్వడం అయ్యాక మాత్రం, "పాపం ఆ పిల్ల" అని గ్లాసు పక్కన పెట్టేశారు. అమ్మ నవ్వలేదు. కంచం పక్కకు జరిపి, "నాకు చెప్పి ఏం లాభం? దానికి రాయి. కూర చల్లారితే చల్లారుతుంది, ముందు రాయి" అంది. అందుకే రాస్తున్నాను.

నన్ను క్షమించమని ఇప్పుడే అడగను. అడిగితే చదువుతూనే క్షమించేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. ముందు నాలుగు రోజులు కోపం తెచ్చుకో. మరిదితో నా గురించి నాలుగు మాటలు అను. నీకు న్యాయంగా రావలసిన కోపం అది, దాచుకోవద్దు. కోపం మాత్రం నా మీదే ఉంచు, ఉద్యోగం మీద చూపించకు. నెలాఖరుదాకా ఆగవద్దు. ఉత్తరం అందిన మర్నాడే వెళ్ళి చేస్తానని చెప్పు. నీ చేతి గురించి ఎవరైనా అడిగితే, నా పేరు చెప్పి నా అడ్రసు ఇవ్వు. నేను రాసిస్తాను.

ఈ ఉత్తరంతో ఒక చిన్న పెట్టె పంపుతున్నాను. అందులో దూది మధ్య గాజు గొట్టం ఉంది, జాగ్రత్తగా తియ్యి. గొట్టంలో ఏటవాలుగా పోసిన అగర్ మీద మన ముత్యపుచిప్ప పాకి ఉంది. అడుగున తేదీ పక్కన ఏడు అంకె వేశాను, నువ్వు ఏడుకు వేసే ఆ అడ్డగీతతో. దాని కింద నీ బ్లేడు పిడి, ఎర్ర దారం చుట్టినది. రెండేళ్ళుగా ఎవరూ వాడలేదు. కాల్చి వాడుకో.

మొదటి రోజు కల్చర్ గదిలో ఎన్ని గంటలకు కూర్చుంటావో ముందుగా రాయి. ఆ వేళకు ఇక్కడ నేనూ కూర్చుంటాను. ఇంత దూరం నుంచి అయితే పెదవులు కదిలినా నీ ప్లేటుకు ప్రమాదం లేదు. అయినా కదపను. ఈసారి నీ చెయ్యి తడబడకూడదని అడగను. ఆ చెయ్యి నాకు తెలుసు.

ఇట్లు,
నీ చేతి చలవతో నిలబడ్డ
నీ అక్క