లేని గుండె జబ్బు

గుడివాడ,
12 జూన్ 2007

ప్రియమైన శోభనాద్రీ,

మొన్న నువ్వు నా గదిలోంచి తలుపు విసిరికొట్టి వెళ్ళాక మూడుసార్లు ఫోన్ చేశావు. నేను తీయలేదు. ఫోన్లో మనం మాట్లాడుకోవడమంటే నువ్వు మాట్లాడటం, నేను ఊఁ కొట్టడం. బందరు కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల నుంచీ అంతే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో నువ్వు నాకు అడ్డం రాలేవు.

ముందు నీ సంగతి. విజయవాడలో తీయించిన ఎకో రిపోర్టు నా ముందే ఉంది. నీ గుండె కండరం ఉండాల్సిన దానికంటే బాగా మందంగా ఉంది. ఇది తిండి వల్లో సిగరెట్ల వల్లో వచ్చింది కాదు, వంశంలో ఉన్నది. మీ నాన్నగారు నలభై ఆరో ఏట కళ్ళంలో నిలబడి మాట్లాడుతూ ఒరిగిపోయారు. మీ అన్నయ్య నలభై నాలుగో ఏట పెళ్ళిపందిట్లో పోయాడు. వాళ్ళకేమైందో ఎవరికీ తెలియలేదు. నీకు నలభై అయిదు, నీకు తెలిసింది. ఈ ఏడాదిలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డానని నువ్వే చెప్పావు. మీ ఆవిడ జానకమ్మకి చెప్పొద్దని కూడా నువ్వే అన్నావు.

అలాంటి మనిషివి రాకెట్టు ఎక్కుతానంటున్నావు. డబ్బున్నవాళ్ళని వంద కిలోమీటర్ల పైకి తీసుకెళ్ళి, నాలుగైదు నిమిషాలు బరువు లేకుండా తేల్చి, మళ్ళీ కిందికి దింపుతామంటున్న ఆ విదేశీ కంపెనీకి అడ్వాన్సు కట్టేశావు. కృత్తివెన్ను రొయ్యల రైతు అంతరిక్షంలోకి వెళ్తున్నాడని పేపర్లో ఫోటో వేయించుకున్నావు. బందరులో నీకు సన్మానం పెట్టడానికి కమిటీ కూడా వేశారట. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒంటి బరువు కొన్ని రెట్లయినట్టు గుండె మీద పడుతుందని ఆ కంపెనీవాళ్ళ ఫారంలోనే ఉంది. అందుకే వాళ్ళు డాక్టరు సంతకం అడుగుతున్నారు. నువ్వేమో, "నార్మల్ అని ఒక్క ముక్క రాయరా, నీ సొమ్మేం పోయింది?" అన్నావు.

ఏం పోయిందో చెప్తాను. మూడేళ్ళ కిందట, ఆగస్టులో, నీ జీపు నా ఆసుపత్రి ముందు ఆగింది. వెనక సీట్లో ఏసోబు ఉన్నాడు. ఆరేళ్ళ నుంచి నీ చెరువులు చూసుకుంటున్న మనిషి. నేను చూసేసరికే ప్రాణం పోయి రెండు గంటలైంది. కుడి అరచేయి మాడి నల్లబడింది. చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటరు తీగ పట్టుకున్నాడని నువ్వే చెప్పావు. పోస్టుమార్టం అంటే కేసవుతుందని, ఎగుమతి ఆర్డరు పోతుందని, వాళ్ళ కుటుంబాన్ని నేను చూసుకుంటానని నా చేతులు పట్టుకున్నావు. పక్కగదిలో వాళ్ళావిడ సువార్తమ్మ కూర్చుని ఉంది. నేను ఆ చేతిని దుప్పటి కిందకి నెట్టి, బయటికి వెళ్ళి, గుండెపోటమ్మా అన్నాను. కాగితం మీదా అదే రాశాను. శవానికి స్నానం చేయించేటప్పుడు చెయ్యి చూసి ఆవిడ అడిగితే, పడిపోతూ వేడి ఇంజను గొట్టం పట్టుకున్నాడని నువ్వు చెప్పావట.

అప్పటి నుంచీ ఏడాదికి రెండుసార్లు సువార్తమ్మ తన కూతురు సరళని నా దగ్గరికి తీసుకొస్తోంది, గుండె చూడమని. ఆ పిల్లకి పధ్నాలుగేళ్ళు. మండలం ఖోఖో జట్టులో ఆడేది, వాళ్ళమ్మ మాన్పించేసింది. పరుగెత్తితే తండ్రిలాగే పోతుందని భయం. పిల్ల గుండె మంచిదమ్మా, ఆడనివ్వు అని ప్రతిసారీ చెప్తున్నాను. పోయిన నెల వచ్చినప్పుడు ఆవిడ నా వంక చూసి, "ఆయనకీ ఏమీ లేదనే అనుకున్నాం కదండీ డాక్టరుగారూ" అంది. ఆ పిల్ల తల వంచుకుని చొక్కా బొత్తాలు పెట్టుకుంటోంది.

ఆ రోజు లేని గుండె జబ్బు రాశాను. ఇవాళ ఉన్న జబ్బు లేదని రాయమంటున్నావు. రాయను.

నీ
సుబ్రహ్మణ్యం

*

బందరు,
17 జూన్ 2007

ఒరేయ్ సుబ్బుడూ,

నీ ఉత్తరం కారులో చదివాను. డ్రైవరు అద్దంలోంచి నా మొహం చూస్తుంటే బండి ఆపించి దిగి, కాలవ గట్టు మీద నిలబడి మిగతాది చదివాను. ఇంట్లో చదవలేను, జానకి అడుగుతుంది.

నువ్వు రాయకపోతే రాసేవాళ్ళు లేరనుకోకు. హైదరాబాదులో ఒక డాక్టరున్నాడు. ఆయనకి నా వంశం తెలియదు, నేను చెప్పను. విజయవాడ రిపోర్టు చూపించను. వచ్చే వారం వెళ్తున్నాను. నీ దగ్గరికి ముందు వచ్చింది నువ్వు నావాడివని.

ఎందుకు వెళ్ళాలో నువ్వు అడగలేదు. డాక్టరువి కదా, జబ్బు అడిగావు. చెప్తాను విను. మా అన్నయ్య పోయిన రోజు నుంచీ లెక్కపెట్టుకుంటున్నాను. గడ్డం గీసుకుంటుంటే, అన్నం తింటుంటే, ఇదేనేమో అనుకుంటాను. చెరువు గట్టు మీద నడిచేటప్పుడు ఇక్కడే పడతానేమో అని చూసుకుంటాను. ఆ కంపెనీవాళ్ళ పుస్తకంలో మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు, కింద భూమి గుండ్రంగా, చుట్టూ చీకటి, నాకు భయం పోయింది రా. పోతే అక్కడే పోతాను. మా నాన్నలా, అన్నలా కాదు, నేను ఎంచుకున్న చోట. ఇది నీకు పిచ్చిగా ఉండొచ్చు. ఇన్నేళ్ళు నిద్రపట్టని మనిషికి అది పిచ్చి కాదు.

ఏసోబు సంగతి తవ్వొద్దు. సువార్తమ్మకి మా రొయ్యలు వలిచే షెడ్డులో పని ఇచ్చాను, ఇల్లు వేయించాను. ఇంకేం కావాలి? ఇంకోమాట, బెదిరిస్తున్నాననుకున్నా సరే. ఆ కాగితం మీద సంతకం నీది. నాది కాదు.

శోభనాద్రి

*

గుడివాడ,
2 జూలై 2007

ప్రియమైన శోభనాద్రీ,

సంతకం నాదేనని నువ్వు గుర్తు చేయడం మంచిదైంది. దాన్ని పట్టుకునే ఆదివారం కృత్తివెన్ను వెళ్ళాను.

సువార్తమ్మ ప్రార్థన నుంచి అప్పుడే వచ్చింది. నన్ను చూసి కంగారుపడి, మంచం మీద దుప్పటి మార్చి కూర్చోమంది. సరళ టీ పెడతానంటే వద్దన్నాను. పిల్లని కూడా ఉండమని, ఇద్దరికీ చెప్పాను. ఏసోబుకి గుండె జబ్బు లేదమ్మా, కరెంటు కొట్టి పోయాడు, నేను తెలిసే అబద్ధం రాశాను అన్నాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను గాని, అక్కడ అంత చిన్న వాక్యంలో అయిపోయింది.

ఆవిడ మళ్ళీ చెప్పమంది. చెప్పాను. లోపలికి వెళ్ళి బైబిలు అట్టలో మడిచి దాచిన నా సర్టిఫికెట్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ తర్వాత ఆవిడే అంది: "చెయ్యి చూసినప్పుడే నాకు అనుమానం వచ్చిందండీ. డాక్టరుగారు రాశారు కదా, చదువుకున్నాయన, నేనే తప్పుగా చూశాననుకున్నాను. మూడేళ్ళు నా కళ్ళని నేనే నమ్మలేదు."

శోభనాద్రీ, నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పోలీసు స్టేషన్‌కి వెళ్ళి చెప్తానని, నా లైసెన్సు పోయినా సరే కాగితం సరిచేయిస్తానని అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. వెంటనే వద్దంది. కేసు పెడితే షెడ్డులో నా పని ఉంటుందా అని అడిగింది. ఆ జవాబు నీ దగ్గరుంది. దసరా దాకా ఆగమంది. ఆగుతాను. దసరా వెళ్ళాక మాత్రం నువ్వు అవునన్నా కాదన్నా వెళ్తాను.

నీ ఫారం దీంతో పంపుతున్నాను. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాను. చింపేస్తావో పంపుతావో నీ ఇష్టం. నువ్వు పోతే నేను ఎవరితో పోట్లాడాలో నాకు తెలియదు. అది కూడా రాయాలనిపించింది, రాశాను.

నీ
సుబ్రహ్మణ్యం

*

బందరు,
24 సెప్టెంబరు 2007

సుబ్బూ,

నిన్న పొద్దున దిగాను. జెట్‌లాగ్ అని చెప్పి పడుకున్నాను గాని నిద్ర రాలేదు. నీకు చెప్పాల్సింది చాలా ఉంది, వరసలో చెప్తాను.

హైదరాబాదు డాక్టరు సర్టిఫికెట్టు ఇచ్చాడు. నీ ఫారం చింపేశాను. శిక్షణ కోసం వాళ్ళ దేశం వెళ్ళాను. నాతో పాటు ఏడుగురు, ఒకాయనకి నౌకలున్నాయి, ఒకావిడకి హోటళ్ళున్నాయి. పెద్ద హాల్లో పొడవాటి ఇనుప చేయి, దాని చివర చిన్న గది. అందులో మనిషిని కట్టి గిరగిరా తిప్పుతారు. రాకెట్లో పడే బరువు ముందే చూపించడానికి. దానికి ముందు అక్కడి డాక్టరమ్మ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగింది. అరవై ఏళ్ళుంటాయి, మెల్లగా మాట్లాడుతుంది. మీ నాన్నగారు ఉన్నారా అంది. లేరన్నాను. ఎలా పోయారంది.

గుండె అనకూడదు. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు సుబ్బూ, ప్రమాణంగా అనుకోలేదు. నా నోట్లోంచి వచ్చింది: కరెంటు షాకు.

ఆవిడ కలం కింద పెట్టింది. అయ్యో, ఎలా జరిగిందంది. చెప్పాను. చెరువు గట్టు తడిగా ఉందన్నాను. ఏరియేటరు తీగ మీద తొడుగు చీలి ఉందన్నాను. చెయ్యి అతుక్కుపోయిందన్నాను. మెయిన్ ఆపడానికి నేనే పరిగెత్తాను, అది తాళం వేసిన షెడ్డులో ఉంది, తాళం చెవి నా జీపులో ఉంది అన్నాను. మూడేళ్ళలో నీకు కూడా చెప్పని సంగతులు ఆ పరాయి మనిషికి మా నాన్న పేరు మీద చెప్పాను. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. మీ నాన్నగారి విషయం చాలా బాధగా ఉందని నా చెయ్యి పట్టుకుంది.

ఏసోబు చావు తీసి మా నాన్నకిచ్చాను. మా నాన్న చావు నీ చేత ఏసోబుకి ఇప్పించాను. ఇద్దరికీ వాళ్ళ చావు కూడా లేకుండా చేశాను.

నన్ను ఆ గదిలో కూర్చోబెట్టి బెల్టులు బిగించారు. తలుపు వేయబోతుంటే ఆగమన్నాను. భయపడ్డాననుకుని, పర్వాలేదు, చాలామందికి అవుతుందన్నారు. ఆ డాక్టరమ్మని పిలవమన్నాను. వచ్చాక, అది మా నాన్న కాదండీ, నా దగ్గర పనిచేసిన మనిషి, మా నాన్న గుండె జబ్బుతో పోయాడు, మా అన్న కూడా, నాకూ ఉంది అని నా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ బెల్టులు తనే విప్పింది. సాయంత్రానికి జాబితాలోంచి నా పేరు తీసేశారు.

ఇప్పుడు అసలు మాట. తీగ చీలిందని ఏసోబు నాకు వారం ముందే చెప్పాడు. మార్చాలి అయ్యగారూ అన్నాడు. ఈ పంట తీశాక చూద్దాంలే అన్నాను. నువ్వు ఇన్నాళ్ళూ ప్రమాదాన్ని దాచిపెట్టాననుకుంటున్నావు. అది ప్రమాదం కాదు.

ఇవాళ పొద్దున షెడ్డుకి వెళ్ళి సువార్తమ్మతో అంతా చెప్పాను, తీగ సంగతితో సహా. చేతి గ్లౌజులు తీయకుండానే విన్నది. కేసు పెట్టినా నీ పని ఎక్కడికీ పోదమ్మా అన్నాను. నమ్మలేదు. "నోటి మాట కాదు, రాసివ్వండి" అంది. ఆఫీసులో కూర్చుని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. రెండుసార్లు చదివించుకుని జాకెట్లో పెట్టుకుంది. అప్పుడు, ఇంక దసరా దాకా ఆగక్కర్లేదు, స్టేషన్‌కి నేనూ వస్తాను అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

జానకికి మధ్యాహ్నం చెప్పాను, జబ్బుతో సహా. గంటసేపు తలుపేసుకుంది. బయటికొచ్చి, మాత్రలు ఏవి వేసుకోవాలో సుబ్రహ్మణ్యం అన్నయ్యగారిని అడిగి రాయించుకు రమ్మంది. సన్మానం కమిటీవాళ్ళకి తనే ఫోన్ చేసి వద్దని చెప్పింది.

నీ పేరు స్టేషన్లో చెప్పకుండా ఉండాలని విమానంలో అనుకున్నాను. కుదరదు సుబ్బూ, నీది నువ్వు చెప్పుకో, నాది నేను చెప్తాను. తర్వాత మనకి ఏమవుతుందో తెలియదు. మా నాన్న వయసు దాటి బతికితే ఏం చెయ్యాలో కూడా నాకు తెలియదు, ఎప్పుడూ ఆలోచించలేదు.

వచ్చే సోమవారం పదింటికి బందరు బస్టాండులో ఉంటాను. కారు తేను. గుడివాడ నుంచి నువ్వు దిగగానే ఇద్దరం కృత్తివెన్ను బస్సెక్కుదాం. సువార్తమ్మ అక్కడ స్టేషన్ దగ్గర ఎదురుచూస్తుంది. నాకంటే ముందు వస్తే నాకో సీటు ఆపు.

శోభనాద్రి