నాదర్‌గుల్ వీడియో

రాఘవా,

మీ నాన్న చనిపోయిన మంగళవారం నుంచి నిన్నటిదాకా నేను టీవీ ముట్టుకోలేదు. పెద్దకర్మ కాకముందే నువ్వు అందులో కొత్త సాఫ్ట్‌వేర్ వేశావు. "ఇల్లే థియేటరైపోయింది వదినా!" అని బాబాయి మురిసిపోయాడు. బొమ్మలు అందంగానే ఉన్నాయి. కానీ అది మన వీడియోల పేర్లన్నీ మార్చేసింది. నాదర్‌గుల్‌లో చిన్న శిక్షణ విమానాలు చూసిన వీడియోకి ఎవరో విదేశీ పైలట్ బొమ్మ అంటించింది. నొక్కితే ఫైల్ లేదంటోంది. "ఉదయా, ఈ విమానం కంటే నీ స్కూటీ నయం" అని నాన్న నన్ను ఏడిపించింది అందులోనే. ఆయన గొంతు మనకి ఇంకెక్కడా లేదు.

బడికి వెళ్తున్నాను. ఆ వీడియోలున్న హార్డ్ డిస్క్‌లో ఇంకేమీ ఎక్కించకు. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకి ఎవరికైనా చూపించు. పప్పు వేడి చేసుకుని తిను.

నిన్ను తిట్టాలని లేదు. అది వేసేముందు నన్ను ఒక్కమాట అడగాల్సింది. ఆ వీడియో ఇంకా దొరకలేదు.

అమ్మ