దుప్పటికి రెండో కొస

మాస్టారికి నమస్కారం.

ఆసుపత్రి లాండ్రీలో ఆడవాళ్ల అలసట కొలవమని పంపారు. వాళ్లతో కలవకుండా మూల కుర్చీలోంచి చూడమన్నారు. చూశాను. నాడి కొలవడానికి వాళ్ల మణికట్లకు కట్టిన పట్టీలన్నీ మామూలుగానే ఉందన్నాయి.

మొన్న వాళ్లలో పెద్దావిడ దుప్పటి కొస నా చేతిలో పెట్టి, "ఎంతసేపలా దిష్టిబొమ్మలా కూర్చుంటావమ్మా? పట్టుకో" అంది. పట్టుకున్నాను. కబుర్లాడుతూ మధ్యాహ్నం దాకా మడతపెట్టాం.

"అలిసిపోయావే! కబుర్లు ఆగిపోయాయి. అలిసిపోతే మాకూ అంతే" అని నవ్వింది. నేనూ కట్టుకున్న పట్టీ చూసుకున్నాను. మామూలే అంటోంది!

ఇప్పుడు ఏం కొలవాలో వాళ్లూ నేనూ కలిసి తేల్చుకుంటున్నాం. పరిశోధన చెడగొట్టానని కోప్పడతారేమో. నాకు మాత్రం నడుంనొప్పితో సహా హాయిగా ఉంది.

ఒకసారి రండి. కుర్చీ నిండా దుప్పట్లున్నాయి. మీరూ ఒక కొస పట్టుకోవాల్సిందే.

మీ శిష్యురాలు